జియోక్యాష్‌కు మెకానికల్ పజిల్ డబ్బా: కొలతలు, తయారీ, పరీక్ష, మరమ్మతు

జియోక్యాష్ (పొట్టిగా క్యాష్) అంటే జీపీఎస్ కోఆర్డినేట్లను బట్టి ఇతరులు వెతికి కనుక్కునేలా దాచిన డబ్బా; కనుక్కున్నవారు లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాస్తారు. మెకానికల్ పజిల్ ఉన్న క్యాష్ పెట్టాలనుకునేవారు ఎక్కువగా అడిగేది "ఏ పజిల్ బాగుంటుంది" అని. నిజానికి ముందు అడగాల్సింది వేరే ఉంది: తెరవడం చేతకానివారు ఆ డబ్బాను ఏం చేస్తారు? గుంజుతారు, నేలకేసి కొడతారు, సందులో తాళంచెవి దూర్చి పెకలిస్తారు. బల్ల మీద ముచ్చటగా పనిచేసిన డబ్బా ఆరుబయట నెల తిరక్కుండానే పాడైతే, దానికి వాన ఎంత కారణమో ఈ బలప్రయోగమూ అంతే కారణం.

అందుకని ఈ మార్గదర్శిలో ప్రతి కొలతా ఒక లెక్క ప్రకారం ఉంటుంది: పజిల్ బుర్రకు పదును పెట్టాలి, చేతికి మాత్రం సులువుగా కదలాలి. బలం వాడితే లాభం ఉండకూడదు. మూసి పెట్టగానే గడియ దానంతట అదే పడాలి.

## 1. చెక్క కోయకముందే తేల్చుకోవాల్సినవి

ముందు చోటు ఖాయం చేసుకోండి, డబ్బా తర్వాత. చోటును బట్టే పరిమాణం, బరువు, రంగు, పజిల్ రకం తేలతాయి. గిర్రున తిప్పితే తెరుచుకునే డబ్బాకు పక్కనే చదునైన రాయో బల్లో కావాలి. నీళ్లు పోసే గొట్టానికి నిలువుగా కట్టడానికి ఆధారం కావాలి. పది నిమిషాలు పట్టే పజిల్‌ను పదిమందీ తిరిగే కాలిబాట మీద పెడితే, వెతికేవారు ఇబ్బందిపడి మధ్యలోనే వదిలేసి వెళ్తారు.

- స్థలం ఎవరిదో వారి అనుమతి తీసుకున్నారా? డబ్బా ఫొటో చూపించే అడగండి.
- జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో నమోదు చేస్తే, పక్క క్యాష్‌కు చెందిన భౌతిక మజిలీ (డబ్బా లాంటి వస్తువు నిజంగా ఉంచిన చోటు) నుంచి కనీసం 161 మీటర్ల దూరం ఉందా?
- నేల తవ్వి పాతడం, చెట్టుకు మేకులు కొట్టడం లేకుండా అక్కడ అమరుతుందా?
- వెతికేవారు చూడకుండా పొదలోకో పుట్టలోకో చేయి పెట్టాల్సిన పని లేదు కదా?
- మీరు ఎప్పుడంటే అప్పుడు వెళ్లి బాగుచేయగలిగే దూరమేనా?

చివరి ప్రశ్నకు జవాబు "కాదు" అయితే అక్కడ మామూలు డబ్బా పెట్టండి. కదిలే భాగాలున్న క్యాష్‌కు యజమాని దగ్గర్లో ఉండి తీరాలి.

## 2. ఏ గడియ ఎక్కడ నిలుస్తుంది

వంపు గడియ. డబ్బాను ఒక వరుసలో అటూ ఇటూ వంచితే లోపలి ఉక్కు గుండు చిట్టడవిలాంటి గాడిలో దొర్లి, కడ్డీకి దారి వదులుతుంది. తయారీ సులువే. ఇసుక చేరితే మాత్రం గుండు ఆగిపోతుంది. 6 మి.మీ. గుండుకు 8 మి.మీ. గాడి ఇవ్వండి, అంతకన్నా ఇరుకు వద్దు.

తిరుగుడు గడియ. డబ్బాను బొంగరంలా తిప్పితే కడ్డీలు బయటికి జరుగుతాయి. లాగినా కొట్టినా లొంగదు. మొదటిసారి చేసేవారికి మా సలహా ఇదే. కొలతలతో సహా 5వ భాగంలో ఇచ్చాం.

అయస్కాంత గడియ. సరైన చోట అయస్కాంతం ఆనిస్తే లోపలి కడ్డీ లేస్తుంది. చూడ్డానికి అద్భుతమే, కానీ బలమైన అయస్కాంతం జేబులో వేసుకొచ్చినవారికి ఇది పజిలే కాదు.

గాడి గొట్టం. లోపలి గొట్టం మీద చిట్టడవి, బయటి గొట్టంలో చిన్న మొన. ఎటు తిప్పి ఎక్కడ లాగాలో చేతికే తెలియాలి. మొన మెత్తటి ప్లాస్టిక్‌దైతే బలంగా లాగినప్పుడు తెగిపోతుంది. ఇత్తడి మొనే పెట్టండి.

తేలే గొట్టం. నీళ్లు పోస్తే లాగ్‌బుక్ గొట్టం పైకి తేలుతుంది. 6వ భాగంలో చూడండి.

అంకెల తాళం. 3 అంకెల తాళానికి 1,000 అవకాశాలే. ఓపికున్న మనిషి అరగంటా గంటలో అన్నీ తిప్పి తెరిచేస్తాడు. తాళం వాడాలంటే 4 అంకెలది వాడండి.

జపాన్‌లోని హకోనె ప్రాంతపు రహస్య పెట్టెల్లాంటి జారుడు పలకల డబ్బాలు చాలామందికి ఇష్టం. అవి గదిలో ఉండాల్సినవి. తేమకు చెక్క ఉబ్బితే పలక కదలదు. బయట పెట్టాలనుంటే ప్లాస్టిక్ పలకలతో చేయండి.

## 3. సామగ్రిలో మోసపోయే చోట్లు

చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. కదిలే భాగాలకు గట్టి చెక్క కన్నా మెరైన్ ప్లైవుడ్ నయం, దానికన్నా హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటు నయం. హెచ్‌డీపీఈ తేమ పీల్చదు, కడ్డీ దాని మీద నునుపుగా జారుతుంది. జిగురు మాత్రం దానికి అంటదు, కాబట్టి స్క్రూలతోనే బిగించాలి.

ఆక్రిలిక్ ఎండకు సాగుతుంది. 300 మి.మీ. ముక్క 30 డిగ్రీల తేడాకు సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది. ఉదయం చల్లదనంలో సరిగ్గా పట్టిన పలక మధ్యాహ్నం బిగుసుకునేది ఇందుకే.

3డీ ప్రింటు చేసేవారు పీఎల్‌ఏ రకం ప్లాస్టిక్ వాడకండి. 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది, ఎండలో ఉన్న నల్ల డబ్బా ఆ దరిదాపులకు చేరగలదు. పీఈటీజీ మెరుగు. ఎండ తట్టుకోవడంలో ఏఎస్‌ఏ ఇంకా మెరుగు.

స్టెయిన్‌లెస్ స్టీల్ 304 కడ్డీని అయస్కాంతం దాదాపు పట్టదు. అయస్కాంత గడియకు 430 రకమో, పూత వేసిన మామూలు ఉక్కో తీసుకోవాలి. తిరుగుడు గడియకు ఇది తిరగబడుతుంది: అక్కడ అయస్కాంతానికి లొంగని ఇత్తడే కావాలి. నియోడిమియం అయస్కాంతం పూత చిట్లితే తుప్పుపట్టి పొడి రాలుతుంది, సాధారణ రకాలు 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతాయి. ఎపాక్సీలో పూర్తిగా ముంచి పెట్టండి.

కదిలే భాగాలకు నూనె, గ్రీజు వద్దు. దుమ్మంతా దానికి అంటుకుని బంకలా తయారవుతుంది. గ్రాఫైటు పొడి గానీ, ఆరిపోయే పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) స్ప్రే గానీ చాలు.

వదలాల్సిన సందు: లోహం మీద లోహానికి 0.3 మి.మీ., 3డీ ప్రింటు భాగాలకు 0.5, ఆరుబయటి చెక్కకు కనీసం 1. ఈ అంకెలు చూసి వదులుగా ఉంటుందేమోనని భయపడతారు. కాస్త వదులుగా ఉన్న పజిల్ పనిచేస్తుంది, బిగుసుకున్నది ఎవరో ఒకరి చేతిలో విరుగుతుంది.

## 4. లోపలి డబ్బాతో మొదలుపెట్టండి

లాగ్‌బుక్ తడవకుండా చూసే పని పజిల్‌కు అప్పగించకండి. గడియలున్న పెట్టెకు నీరు చొరని మూత అమర్చాలని చూస్తే రెండూ చెడతాయి: రబ్బరు వాసరు బిగుతు వల్ల గడియ కదలదు, గడియ సందుల్లోంచి నీరు దిగుతుంది. పజిల్ పెట్టెలోకి నీరు రానివ్వండి, పోయే దారీ ఉంచండి. లాగ్‌బుక్‌ను సిలికాన్ వాసరున్న వేరే చిన్న డబ్బాలో పెట్టండి. దాని కొలత తెలిశాకే పెట్టె గీయండి.

లోపల నీటికి చెక్కుచెదరని కాగితం పుస్తకం, పొట్టి పెన్సిలు పెట్టండి. పెన్ను సిరా చలికి గడ్డకడుతుంది, వేడికి కారుతుంది.

## 5. తిరుగుడు గడియ డబ్బా: అడుగడుగునా

సూత్రం చిన్నది. మూతకు కింద ఒక బిరడా ఉంటుంది, దాని చుట్టూ గాడి. పెట్టె గోడల్లోంచి నాలుగు కడ్డీలు ఎదురెదురుగా ఆ గాడిలోకి దూరి మూతను పట్టుకుంటాయి. డబ్బాను ఎటు వంచినా ఒక కడ్డీ బయటికి పోతే దాని ఎదుటిది లోపలికి వస్తుంది. నాలుగూ ఒకేసారి బయటికి పోవాలంటే తిప్పడమే దారి.

కావాల్సినవి:

- 20 మి.మీ. మందం, 130 × 130 మి.మీ. హెచ్‌డీపీఈ పలకలు 5
- మూతకు 10 మి.మీ. మందం, 130 × 130 మి.మీ. పలక 1
- బిరడాకు బిళ్ళలు: 60 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్నవి 2, 40 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. మందం ఉన్నది 1
- 6 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. పొడవున్న ఇత్తడి కడ్డీలు 4
- బెజ్జాలు మూసే 7 మి.మీ. పొడవు మరలు 4
- అడుగున తిరగడానికి గుండ్రటి తల నట్టు 1
- సాధారణ స్క్రూడ్రైవరుకు లొంగని తలలున్న స్టెయిన్‌లెస్ స్క్రూలు

అడుగు 1. నాలుగు పలకల మధ్యలో 61 మి.మీ. గుండ్రటి రంధ్రం కోయండి. ఐదో పలక అడుగు. దాని మధ్య నుంచి కాస్త పక్కకు 4 మి.మీ. రంధ్రం వేయండి. నీరు పోవడానికీ, మూత ఎత్తేటప్పుడు గాలి ఆడడానికీ ఇదే దారి.

అడుగు 2. బిరడా కట్టండి: పెద్ద బిళ్ళ, చిన్న బిళ్ళ, పెద్ద బిళ్ళ, ఈ వరుసలో. మధ్యలోది చిన్నది కాబట్టి చుట్టూ 8 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. లోతు గాడి దానంతట అదే ఏర్పడుతుంది. లేత్ మిషను అక్కర్లేదు. గాడి చుట్టూతా ఉంది కనుక మూత ఎటు తిప్పి పెట్టినా సరిపోతుంది. మూడింటినీ మూతకు కిందినుంచి స్క్రూలతో బిగించండి.

అడుగు 3. పై పలక నాలుగు పక్కల మధ్యన, పై అంచు నుంచి 14 మి.మీ. కింద గుర్తు పెట్టండి. 6.5 మి.మీ. బిట్టుతో బయటినుంచి మధ్య రంధ్రంలోకి సూటిగా తొలవండి. డ్రిల్లు స్టాండు వాడండి. చేత్తో తొలిస్తే వంకర పోయి కడ్డీ పట్టేస్తుంది.

అడుగు 4. బెజ్జం అంచుల్లో లేచిన పీచును పదునైన బ్లేడుతో తీసేయండి. కడ్డీ కొనలను గరుకు కాగితంతో కొద్దిగా గుండ్రం చేయండి. కడ్డీ వేసి బెజ్జాన్ని నిలువుగా పడితే, అది టక్కున జారిపోవాలి. ఆగుతూ జారితే బెజ్జాన్ని ఇంకోసారి తొలవండి. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా.

అడుగు 5. పలకలు పేర్చి నాలుగు మూలల్లో అడుగునుంచి స్క్రూలు బిగించండి. కడ్డీలు వేసి బయటి మరలు పెట్టండి. మర లోపలి కొన కడ్డీ ప్రయాణానికి అడ్డు రాకూడదు: మధ్య నుంచి కొలిస్తే కడ్డీ బయటి కొన 57 మి.మీ. దాకా పోవాలి, మర 58 దగ్గర ఆగాలి.

అడుగు 6. అడుగు మధ్యలో గుండ్రటి నట్టును 2 మి.మీ. మాత్రమే బయటికి ఉండేలా దించండి. ఎక్కువ ఉంటే డబ్బా ఒరిగి సరిగ్గా తిరగదు.

ఇక వేగం లెక్క. గాడిలో ఉన్న కడ్డీ మధ్యభాగం ఇరుసు నుంచి 32.5 మి.మీ. దూరంలో ఉంటుంది. రాపిడి గుణకం 0.3 అనుకుంటే కడ్డీ కదలడానికి 2.9 మీ/సె² త్వరణం కావాలి. సెకనుకు ఒకటిన్నర చుట్లు తిప్పితే బొటాబొటిగా అంతే వస్తుంది. రెండు చుట్లు తిప్పితే 5.1 వస్తుంది, ధారాళంగా సరిపోతుంది. అంటే చేత్తో ఒక్క ఊపు చాలు. పిల్లలు కూడా తిప్పగలరు.

తిప్పాక ఆగినా కడ్డీలు బయటే ఉంటాయి, కాబట్టి మూత తీరిగ్గా ఎత్తొచ్చు. తిరిగి గడియ పడాలంటే? డబ్బాను పక్కకు నిలబెట్టాలి. అప్పుడు పైనున్న కడ్డీ తన బరువుతోనే గాడిలోకి దిగుతుంది. కనుక దాచే చోట డబ్బా పక్కకు నిలబడితేనే పట్టే గూడు అమర్చండి. ఈ చిన్న ఏర్పాటుతో "ముందు వచ్చినవారు మూయలేదు" అన్న ఫిర్యాదు చాలావరకు పోతుంది. యజమానికి అత్యవసర దారి అడుగు స్క్రూలే.

## 6. తేలే గొట్టం

50 మి.మీ. లోపలి వ్యాసం, 1 మీటరు ఎత్తున్న గొట్టంలో సుమారు 2 లీటర్లు పడతాయి. తేలే చిన్న గొట్టం 30 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవు అనుకుంటే అది తోసే నీరు 70 గ్రాములు. లాగ్‌బుక్, మూత అన్నీ కలిపి బరువు 50 గ్రాముల లోపు ఉంచండి. అప్పుడు దాదాపు 3 సెం.మీ. నీటి పైకి తేలి వేళ్లకు అందుతుంది. ఇంట్లో బకెట్లో తేల్చి చూశాకే అక్కడికి తీసుకెళ్లండి.

అడుగున 3 మి.మీ. రంధ్రం తప్పనిసరి. అది లేకపోతే నీరు నిలిచి దోమలు పెరుగుతాయి, లాగ్ గొట్టం పైనే తేలుతూ ఉండి తర్వాతివారికి పజిలే మిగలదు. గొట్టం నింపడానికి 20 సెకన్లు పట్టిందనుకుంటే ఆలోపు ఆ రంధ్రంలోంచి సుమారు పావు లీటరు పోతుంది, కాబట్టి పోసేవారికి రెండుంపావు లీటర్లు కావాలని లెక్క. నిండు గొట్టం ఖాళీ కావడానికి మూడున్నర నిమిషాలు పడుతుంది.

ఇంకా కష్టం కావాలంటే గోడకు 8 మి.మీ. రంధ్రాలు నాలుగైదు, వేళ్లతో మూయగలిగే చోట వేయండి. ఒక్క మనిషి రెండు చేతులకు అందేలా ఉంచితే మంచిది, ఇద్దరు కావాలంటే ఆ మాట క్యాష్ వెబ్ పేజీలో రాయండి. గడ్డకట్టే చలి ఉన్న చోట శీతాకాలం క్యాష్‌ను తాత్కాలికంగా ఆపేయండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: రెండు పక్కలా మూతలు బిగించిన గొట్టం చూసి దారిన పోయేవారు బాంబు అనుకునే ప్రమాదం ఉంది. పైభాగం తెరిచే ఉంచండి, "జియోక్యాష్" అని పెద్ద అక్షరాలతో చెరగని రంగుతో రాయండి. లోపల తీగలు, బ్యాటరీలు కనిపించే డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది.

## 7. దాచే ముందు పరీక్ష

- 200 సార్లు తెరిచి మూయండి. 50వ సారికి, 200వ సారికి తేడా తెలిస్తే ఎక్కడో అరుగుతోందన్నమాట.
- 15 నిమిషాలు షవరు కింద పెట్టి వెంటనే తెరవండి. ఆరాక మరోసారి.
- ఒక రాత్రి ఫ్రీజరులో, ఒక మధ్యాహ్నం మండుటెండలో ఉంచి తెరవండి.
- చెంచాడు సన్న ఇసుక మీద చల్లి, ఊపి తెరవండి.
- చేతనైనంత బలంగా మూత లాగండి. విరిగేది ఏదైనా మీ చేతిలోనే విరగాలి.
- డబ్బా గురించి ఏమీ తెలియని ముగ్గురికి ఇచ్చి, మాట్లాడకుండా చూడండి.

ఆఖరి పరీక్షలో వారి చేతులు గమనించండి. మొదట ఎక్కడ పట్టుకుంటున్నారు, ఏది లాగుతున్నారు, ఎన్ని నిమిషాలకు విసుగు పుడుతోంది? ముగ్గురూ ఒకే తప్పు మూలను గుంజితే, అక్కడ ఏదో సందు "నన్ను లాగు" అని పిలుస్తోంది. ఆ సందు మూసేయండి, లేదా నిజమైన దారికి ఒక చిన్న సూచన చేర్చండి. తిరుగుడు డబ్బా మీద చెక్కిన ఒక సుడి గుర్తు చాలు.

## 8. పేజీలో ఏం రాయాలి

డబ్బా ఇచ్చిన కోఆర్డినేట్ల దగ్గరే ఉంటే ట్రెడిషనల్ క్యాష్‌గానే పెట్టొచ్చు. "ఫీల్డ్ పజిల్" గుర్తు చేర్చండి. నీళ్లో అయస్కాంతమో తేవాలంటే "స్పెషల్ టూల్" గుర్తు కూడా. కష్టం రేటింగు 1 నుంచి 5 దాకా అర మెట్లలో ఉంటుంది. పరీక్షలో ముగ్గురికీ పట్టిన సమయాన్ని చూసి ఇవ్వండి, మీ పనితనం చూసి కాదు.

పేజీలోనూ డబ్బా మీదా ఇలాంటి రెండు వాక్యాలు ఉండాలి: "తెరవడానికి బలం అక్కర్లేదు, పనిముట్లు వద్దు. మూశాక గూట్లో పక్కకు నిలబెట్టండి." రివ్యూయరుకు (క్యాష్‌ను ప్రచురించే ముందు పరిశీలించే వ్యక్తికి) పంపే గమనికలో తెరిచే పద్ధతి, ఫొటోలు, స్థల అనుమతి వివరాలు పెట్టండి.

## 9. ఎదురయ్యే లోపాలు, మరమ్మతు

తిప్పినా తెరుచుకోవడం లేదు. తొంభై పాళ్లు బెజ్జంలో ఇసుకే. మరలు తీసి పైపు బ్రష్షుతో శుభ్రం చేసి గ్రాఫైటు చల్లండి. నెలనెలా ఇదే జరుగుతుంటే బెజ్జాన్ని 7 మి.మీ.కు పెంచండి.

తిప్పకుండా పక్కకు వంచినా తెరుచుకుంటోంది. పక్కపక్కనున్న రెండు కడ్డీలు బయటి కొసన ఇరుక్కున్నాయి, ఆ రెండు వైపులా గడియ లేనట్టే. మరల లోపలి కొనలకు పీచు ఉందేమో చూడండి.

మూత పెట్టడం కుదరడం లేదు. పక్కకు పట్టుకుని మూస్తున్నారు, కడ్డీ ముందే జారి అడ్డుపడుతోంది. "చదునుగా పెట్టి, మళ్లీ తిప్పి మూయండి" అని మూత లోపల రాయండి.

లోపలి డబ్బా తడిగా ఉంది. వాసరులో లాగ్‌బుక్ అంచో, కవరు కొసో ఇరికి ఉంటుంది. పుస్తకం మరీ పెద్దదన్నమాట, చిన్నది పెట్టండి.

కందిరీగలు గూడు పెట్టాయి. నీరు పోయే రంధ్రానికి లోపలివైపు సన్నటి స్టీలు జాలీ బిగించండి.

## 10. పెట్టిన తర్వాత

మొదటి ఐదుగురు కనుక్కునే దాకా ప్రతి లాగ్ చదవండి, వారంలోపు ఒకసారి వెళ్లి చూడండి. ఆ తర్వాత మూడు నెలలకు ఒకసారి, పెద్ద వాన కురిసిన ప్రతిసారీ. వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి:

- అదనపు కడ్డీలు 2, మరలు 2
- కొత్త లాగ్‌బుక్, పెన్సిలు, వాసరు
- పైపు బ్రష్షు, గ్రాఫైటు, గుడ్డ
- మీ స్క్రూలకు సరిపోయే బిట్టు

"తెరవలేకపోయాం" అన్న లాగ్‌లు వరుసగా రెండు వస్తే పజిల్ కష్టమని సంతోషించకండి, గడియ పట్టేసి ఉండొచ్చు. ఆ రోజే క్యాష్‌ను తాత్కాలికంగా ఆపి, వెళ్లి చూసి, ఇరవై సార్లు తెరిచి మూశాకే మళ్లీ తెరవండి.